తలకు నూనె రాసుకుని రాకూడదు

ఆ రోజు కాకినాడలో కళా పోషణ మండలి ఆఫీసు ముందు నిలబడ్డ కళాకారులందరి తలలూ ఎండుగడ్డి వాముల్లా ఉన్నాయి. తలకు నూనె రాసుకుని రాకూడదన్నది నోటిఫికేషన్‌లో మొదటి నిబంధన. హరికథ చెప్పే ఆయన జుట్టు గాలికి లేచి కూర్చుంటోంది. కోలాటం గురువుగారు కుళాయి దగ్గర చేతులు తడుపుకుని మాటిమాటికీ తల అణుచుకుంటున్నారు. నేనూ షాంపూ పెట్టి రుద్దుకుని సామర్లకోట నుంచి రైలెక్కి వచ్చినవాడినే.

నా పేరు గుబ్బల తాతారావు. నాటకాల కంపెనీలకు తెరలు వేస్తాను. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర, శ్మశానం తెర. ఈ నాలుగూ ఉంటే తెలుగువాడు ఏ నాటకమైనా ఆడేస్తాడు. ఆరో తరగతి మధ్యలో బడి మానేసి బ్రష్షు పట్టుకున్నాను. పట్టుకున్నందుకు ఎవరూ దండ వెయ్యలేదు. తెర దించేవాడికి చప్పట్లు కొట్టే ఆచారం మనకు లేదు.

ఈ మండలి గ్రాంటుకు ఇంతకు ముందు చాలాసార్లు పెట్టుకున్నాను. అప్పట్లో దరఖాస్తు రాయాలి. ప్రాజెక్టు లక్ష్యాలు, ఆశించే ఫలితాలు, సమాజానికి కలిగే ప్రయోజనం అని గళ్లుండేవి. ప్రయోజనం గడిలో ఒకసారి, విశ్రాంతి టైములో జనం చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుందని ఉన్నమాట రాశాను. తిరగ్గొట్టారు. అదే ఏడు మా ఊరి కాలేజీ మాస్టారొకాయన ఆ గడి నిండా రాసి, చాలక వెనక పేజీలో కూడా రాశాడు. చదివితే నాకొక్క ముక్క అర్థం కాలేదు. ఆయనకు వచ్చింది. ఆ డబ్బుతో ఏం చేశాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఫలితాలు మాత్రం గట్టిగా ఆశించాడు.

అలాంటిది, ఇక కాగితాలు అక్కర్లేదు, మీ తలలో ఉన్నది చూపిస్తే చాలు అన్నారు. నమ్మకం కుదరకపోయినా, చూసిపోదామని వచ్చాను.

నన్ను లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది డాక్టర్ మెహరున్నీసా. ఆ యంత్రం ఆవిడ తయారుచేసిందే. చెప్పులు గుమ్మంలో విడిచి వట్టికాళ్లతో గదంతా గిరగిరా తిరుగుతోంది. ఉప్పునీళ్లలో ముంచిన దూది బిళ్లలున్న టోపీ ఒకటి నా నెత్తిన బిగించింది. ఎదురుగా చిన్న టీవీలో గీతలు వణుకుతున్నాయి.

"ఇదేంటండీ, గుండె పరీక్షలా ఉంది? బొమ్మేదండీ?" అన్నాను.

"బొమ్మ అందులో కనపడదు తాతారావు గారూ. అటు చూడండి."

అద్దానికి అవతల మండలివాళ్లు ముగ్గురు కూర్చున్నారు. వాళ్ల నెత్తిన కూడా టోపీలున్నాయి.

"ఒక తలలో ఉన్నది ఇంకో తలకే అర్థమవుతుంది. మధ్యలో నా మిషన్‌ది మోతకూలి పని, అంతే. మీరు వెయ్యాలనుకున్న తెర పూర్తయిపోయినట్టు ఊహించుకోండి. దేన్నీ దాచుకోకండి. ఎంత స్పష్టంగా అందితే అన్ని మార్కులు."

కళ్లు మూసుకున్నాను. నా తెర ఏ రాజుదీ కాదు, ఏ అడవీ కాదు. లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడింది. కడ్డీకి ఇవతల ముందు వరసలో కొబ్బరిబోండాల రిక్షా. పక్కన పెళ్లివారి కారు, కిటికీలోంచి మెడ చాచి వాచీ చూసుకుంటున్న పెళ్లికొడుకు, అతని బాసికం చెవి మీదకి జారిపోయింది. స్కూలు ఆటోలోంచి బయటికి వేలాడే పిల్లల కాళ్లు. కడ్డీ కింద దూరబోయి, ఎవరో తిడితే వంగినవాడు వంగినట్టే ఆగిపోయిన సైకిలు మనిషి. పట్టాల మధ్య ఒక గేదె, దానికి గేటుతో పని లేదు. అందరూ రైలొచ్చే వైపు చూస్తున్నారు. అంటే హాల్లో కూర్చున్న జనం వైపు. విశ్రాంతికి ఈ తెర దిగితే వాళ్లు జనాన్ని చూస్తారు, జనం వాళ్లని చూస్తారు. ఎవరికోసం ఎవరు ఆగారో తేలదు.

ఏళ్ల తరబడి నాలో నానుతున్న తెర అది. మొత్తం చూపించేశాను. అద్దం వెనక ఎవరో పకపకా నవ్వడం వినబడింది. పెళ్లికొడుకు దగ్గరే అయి ఉంటుంది అనుకున్నాను. టోపీ తీశాక, నెత్తి మీది గంప ఎవరో దింపినట్టు హాయిగా ఉంది.

గ్రాంటు వచ్చింది. జీవితంలో మొదటిసారి ప్రభుత్వం నా నోట్లో ఉన్నదాన్ని లాక్కోకుండా ఏదో పెట్టింది అనుకున్నాను.

*

గుడ్డ కొన్నాను. సున్నం, జిగురు పట్టించి పెరట్లో సాగదీసి కట్టాను. బొగ్గు తీసుకుని నిలబడ్డాను. కాసేపటికి కూర్చున్నాను. ఆ తర్వాత టీ తాగడానికి వెళ్లిపోయాను.

చెయ్యి పోలేదు. ఆ నెలలోనే ఒక కంపెనీకి దర్బారు తెర వేసిచ్చాను, స్తంభాలు దివ్యంగా వచ్చాయి. గేటు తెర మరిచిపోలేదు కూడా. పెళ్లికొడుకు ఎక్కడ, గేదె ఎక్కడ, అడిగితే చెప్పగలను. వెయ్యాలని లేదు, అంతే. కడుపు నిండినవాడి ముందు విస్తరి వేసినట్టుంది. ఇదేం చిత్రం అని, ఒకరోజు పనిగట్టుకుని నిజం గేటు దగ్గరికే పోయి నిలబడ్డాను. గేటు పడింది. జనం ఆగారు. ఒకాయన కడ్డీ కింద దూరబోయి తిట్లు తిన్నాడు. గేటు గేటులా ఉంది. రైలు వెళ్లింది, నేనూ ఇంటికొచ్చాను.

"ఏమయ్యా, ఆ గుడ్డకేసి అలా గుడ్లప్పగించి చూత్తా ఉంటే అదే బొమ్మేసుకుంటదా?" అంది మా ఆవిడ.

మా ఆవిడ మంగతాయారు స్టేజి ఆర్టిస్టు. కంపెనీలు పిలిస్తే వెళ్లి రాణులూ, దేవతలూ, పతివ్రతలూ కడుతుంది. ప్రేమించి చేసుకున్నాం. నాటకాలవాళ్లం కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ఆశీర్వదించనూ లేదు.

"రావట్లేదే. ఆ కుర్చీలో ఏదో అయింది. ఆ మిషన్ లాగేసుకుంది."

"నీ బద్ధకాన్ని కూడా లాక్కుంటే బావుండును."

"నిజం చెబుతున్నానే. నువ్వు మాత్రం ఆ కుర్చీ ఎక్కకు."

ఆవిడ చేతిలో కూరగాయల కత్తి ఆగింది. తను కూడా దరఖాస్తు పెట్టుకుంది. ఆవిడ నాటకం ఆవిడే కట్టుకుంది, పేరు 'తొలి బస్సు'. తెల్లార్లూ మహారాణి వేషం కట్టిన మనిషి, పొద్దున్నే తొలి బస్సులో సీటు దొరక్క కడ్డీ పట్టుకుని నిలబడి ఊరికి పోవడం, అంతే కథ. కండక్టరూ, చేపల గంప మనిషీ, రాత్రి నాటకం చూసి కూడా పక్కనున్న రాణిని గుర్తుపట్టనివాడూ, అందరూ తనే. ఇన్నాళ్లూ మగవాళ్లు రాసిన పద్యాలు పాడిన మనిషి తనకంటూ కట్టుకున్నది ఇదొక్కటే. ఆడాలంటే హాలు కావాలి, హార్మోనియం కావాలి, లైట్లు కావాలి. పైగా గొంతులో చిన్న కాయలాంటిది పెరుగుతోందనీ, పైస్థాయి పద్యాలు ఇక ఎన్నాళ్లో కుదరవనీ డాక్టరు చెప్పాడు. ఈ ఏడు కాకపోతే ఆ నాటకం ఇక లేనట్టే.

"నీకు గ్రాంటు రాకపోతే ఏడుపు. వత్తే ఏడుపు. ఇప్పుడు నాకు వత్తాదని ఏడుపు" అంది. "నీ మాట నమ్మే బదులు నేను పుట్టింటికి పోయినా బాగుపడేదాన్ని."

మనిషి చేదుగా బతికితే ఉన్న నష్టం ఇదే. నిజంగా చేదు తగిలిన రోజున ఎవరూ నమ్మరు.

ఆ వారంలోనే నాకు మండలి నుంచి నోటీసు వచ్చింది. పని ఎంతవరకూ వచ్చిందో ఫొటోలతో సహా హాజరై సంజాయిషీ ఇవ్వాలట. మంగ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "పద, నేనూ వత్తాను. నువ్వొక్కడివే పోతే వాళ్లని తిట్టి వత్తావ్. నా కుర్చీ కూడా పోద్ది" అంది.

*

మెహరున్నీసా గారు సంజాయిషీ అడగలేదు. ఫొటోలూ అడగలేదు. నేను నోరు తెరిచేలోపే, "వెయ్యాలనిపించడం లేదు కదా?" అంది.

నేను మంగకేసి చూశాను. మంగ గోడకేసి చూసింది.

"మీ ఒక్కరికే కాదు. హరికథ ఆయన చిడతలు అటక మీద పెట్టేశారు. కోలాటం గురువుగారు పడుకుని సీరియల్స్ చూస్తున్నారు. మొదటి విడతలో ఒక్కరూ పని మొదలుపెట్టలేదు. డబ్బు తినేశారని మండలివాళ్లు అనుకుంటున్నారు. నాకలా అనిపించలేదు." ఆవిడ కళ్లలో జాలి కంటే ఉత్సాహమే ఎక్కువగా ఉంది, తప్పిపోయిన మేక అడుగుజాడ దొరికినట్టు. "పోయిందనుకుంటే సరిపోదు కదా. పోతే ఎక్కడికి పోయింది? రండి, ఒక చోటికి వెళ్దాం."

రామారావుపేటలో ఒక డాబా ఇంటి తలుపు కొట్టింది. అది మండలి అకౌంట్స్ ఆఫీసరు పేరిశాస్త్రి గారి ఇల్లు. నా నోటీసు మీద సంతకం ఆయనదే. ఆయన భార్య తలుపు తీసింది.

"ఈయన తాతారావు గారు" అంది మెహరున్నీసా.

"ఓహో, మీరేనా ఆ గేటాయన!" ఆ ఇల్లాలు నడుం మీద చేతులు పెట్టుకుంది. "రండి నాయనా రండి. కాపురాన్ని లెవెల్ క్రాసింగ్ చేసేశారు. చూసి తరించండి."

హాల్లో గోడ గోడంతా నా తెర.

నాదే, కానీ ఎంత అధ్వానం! కడ్డీ వంకర. పెళ్లికొడుక్కి మెడ లేదు. గేదె కుక్కలా ఉంది. పిల్లల కాళ్లు బెండకాయల్లా వేలాడుతున్నాయి. ఆ గోడ ముందు స్టూలెక్కి, పంచె ఎగ్గట్టుకుని, జంధ్యానికి ఆకుపచ్చ రంగు అంటించుకుని పేరిశాస్త్రి గారు నిలబడి ఉన్నారు. ఆ రోజు అద్దం వెనక పకపకా నవ్వింది ఈయనే.

నన్ను చూసి దొంగతనం బయటపడ్డట్టు ముడుచుకుపోయాడు. "క్షమించండి తాతారావు గారూ. నేను జన్మలో బ్రష్షు పట్టినవాణ్ణి కాదు. ఆ రోజు టోపీ పెట్టుకున్నానా, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే గేదే కనపడుతోంది. ఆఫీసులో ఫైలు తెరిస్తే గేటే. వేస్తే తప్ప ఊపిరాడటం లేదు. ఇది... ఇది ఎప్పుడు తగ్గుతుందండీ?"

"పూర్తయ్యేదాకా తగ్గదు" అన్నాను. ఆ సంగతి నాకు తెలుసు.

"సైకిలువాడి వీపు కుదిరి చావడం లేదు. కాస్త చెబుదురూ."

బొగ్గుముక్క తీసుకుని వీపు వంపు రెండు గీతల్లో చూపించాను. ఆయన ఆ గీతలకేసి ఆబగా చూశాడు. ఆ చూపు ఒకప్పుడు నాది. అసూయ కలుగుతుందేమోనని ఆగి చూసుకున్నాను. కలగలేదు. అసూయపడాలన్నా కావాలని ఉండాలి కదా.

మంగ ఆ గోడ ముందు చాలాసేపు నిలబడింది. కొడుకు ఉద్యోగం చూడ్డానికి వెళ్లిన తల్లిలా ఒక్కొక్క మనిషినీ తడిమి తడిమి చూసింది. చివరికి నా వైపు తిరిగి, "నువ్వు నిజమే చెప్పావయ్యా" అంది. మా పెళ్లయ్యాక ఆ మాట వినడం అదే మొదలు.

బయటికొచ్చాక మెహరున్నీసా గారు రోడ్డు మీదే మాట్లాడింది. "జ్ఞాపకం ఇద్దరిలోనూ ఉంటోంది. తపన మాత్రం ఒకరిలోనే ఉండగలుగుతోంది. చూపించినవాళ్ల నుంచి చూసినవాళ్లలో ఎవరో ఒకరికి పోతోంది, ఎక్కువగా లీనమైనవాళ్లకి. హరికథ ఆయనకి ఎదురు టోపీ పెట్టుకున్న రిటైర్డ్ కలెక్టరు గారు ఇప్పుడు హరికథ పాడుకుంటూ స్నానాల గదిలోంచి బయటికి రావడం లేదు. ఎందుకిలా అవుతోందో నాకింకా తెలీదు. ఆపండి అని సెక్రటరీ గారికి రాసిచ్చాను. పథకం ప్రారంభోత్సవం అయిపోయింది, ఆపడం కుదరదన్నారు. సభ్యులు మాత్రం టోపీ పెట్టుకోవడం మానేశారు. మార్కులు ఎలాగూ మిషన్ వేస్తుంది, ఎవరో ఒక మనిషి తల అటువైపు ఉంటే చాలని తీర్మానం చేసుకున్నారు."

కళ అంటుకుంటుందేమోనని కళా పోషణ మండలివాళ్లే పారిపోయారన్నమాట. ఆ రోజు నేను నవ్వింది అక్కడే.

"మరి నా రోజున టోపీ ఎవరు పెట్టుకుంటారమ్మా?" అని అడిగింది మంగ.

"ఎవరూ లేకపోతే నేనే పెట్టుకోవాలి. నాకూ భయంగానే ఉంది."

"మీకెందుకులెండి. ఈయన పెట్టుకుంటాడు." నా భుజం మీద చెయ్యేసింది. "పోతే పోనీ, మా ఇంట్లోనే ఉంటది."

"నేను పెట్టుకుంటే నాకే పట్టుకుంటుంది కదే" అన్నాను. "ఈ మీసాలతో నేను రాణీ వేషం కట్టి బస్సెక్కాలా?"

"చీర నేను కడతాలే. నువ్వు ఆ పిచ్చెక్కి రోజూ నా పీక మీద కూర్చుని ఆడించు. నాకు ఆశ లేకపోయినా, నీ పోరు పడలేక ఆడతాను."

లెక్క బాగానే ఉందనిపించింది. డాక్టరమ్మ కూడా తల అటూ ఇటూ ఊపి, "అలా ఎవరూ చేసి చూడలేదు" అంది. ఆవిడకి అంతకంటే ఆకర్షణ ఇంకేం కావాలి.

*

ఆ రోజు మంగ తలంటుకుని, జుట్టు విరబోసుకుని కుర్చీలో కూర్చుంది. అద్దానికి ఇవతల నేనొక్కణ్ణే. ఉప్పునీళ్లు చెవి వెనక నుంచి మెడ మీదకి కారుతున్నాయి. మెహరున్నీసా గారు తన టోపీ బల్ల మీదే పెట్టి, గీతలున్న టీవీ ముందు కూర్చుని చెయ్యి ఊపింది.

నేను బస్సు హారను కోసం ఎదురుచూస్తున్నాను.

కుళాయి కనపడింది. మా పెరట్లో కుళాయే. దాని కింద ఒక చిన్నపిల్ల పలక కడుగుతోంది. కడిగి, గౌనుకి తుడిచి, ఎండలో పెట్టి, ఆరిందా లేదా అని నిమిషానికొకసారి వేలు పెట్టి చూస్తోంది.

ఎవరబ్బా ఈ పిల్ల అనుకున్నాను. నాటకంలో ఈ పాత్ర లేదే.

ఆ పిల్ల ముందుపళ్లు ఊడి, మంగ అట్ట కిరీటం పెట్టుకుని అద్దం ముందు ఆజ్ఞలు జారీ చేస్తోంది. గంజి గిన్నెలో వేలు ముంచి నాకుతోంది. జ్వరమొచ్చి మంగ ఒళ్లో పడుకుంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "వాసంతీ, ఒసే వాసంతీ" అని మంగ పిలుస్తుంటే పలక్కుండా, ఆరబెట్టిన అడవి తెర వెనక దాక్కుంది. చెట్ల కింద రెండు బుల్లి పాదాలు కనపడుతున్నాయి. ఎవరో వెళ్లి తెర ఎత్తి, ఆ పిల్లని పట్టుకుని పైకెగరేశారు. నేనే. నేనూ ఉన్నాను అందులో. ఇంత చేదుగా లేను.

మాకొక ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండా పుట్టి, ఆ మధ్యాహ్నమంతా బతికి, పొద్దుగూకేలోపు పోయింది. పేరు కూడా పెట్టలేదు. పెద్దవాళ్లు తీసుకెళ్లిపోయారు. మళ్లీ పిల్లలు కలగలేదు. ఆ ఊసు మేమెన్నడూ ఎత్తలేదు. మనసులో కూడా లేదనే అనుకున్నాను. కానీ మంగ ఆ పిల్లని వదల్లేదు. వంట చేస్తూ, బస్సుల్లో కూర్చుని, మేకప్ గదుల్లో ఎదురుచూస్తూ, ఏడాదికో ఏడాది చొప్పున పెంచుకుంటూ వచ్చింది. బడిలో వేసింది, కొట్టింది, ముద్దు చేసింది. అదంతా ఇప్పుడు నా తలలోకి దిగుతోంది.

టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

మెహరున్నీసా గారు పరుగున వచ్చింది. "ఇంత స్పష్టత ఇంతవరకూ ఎవరికీ రాలేదు. బాగా కనపడిందా బస్సు?"

"ఆఁ" అన్నాను. "కనపడిందండి."

*

తిరుగు రైల్లో మంగ వేరుశెనక్కాయలు కొనుక్కుంది. వొలుచుకు తింటూ కిటికీలోంచి చేలు చూస్తోంది.

"అదేంటే నువ్వు చేసిన పని?" అన్నాను.

"బస్సు తీద్దామనే కూకున్నానయ్యా. ఒట్టు. తీరా కళ్లు మూసుకున్నాక, ఇది కూడా పోతే నేను స్టేజీ ఎక్కి ఏం చేత్తాను అనిపించింది. నీ పోరు పడలేక ఆడేది నాటకవా? మార్కులు రావాలంటే ఏదో ఒకటి పూర్తిగా ఇచ్చెయ్యాలి. నా దగ్గర అంత పూర్తిగా ఉన్నది ఇంకోటి అదే."

"ఎన్నాళ్ల నుంచే?"

"అది పోయిన కాణ్ణించి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ నోట్లో పడితే ఏదైనా చేదెక్కిపోద్ది గదా. దాన్నయినా తియ్యగా ఉండనిద్దావని." గుప్పెడు కాయలు నా చేతిలో పోసింది. "ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే పెంచాను. ఇహ నువ్వు చూసుకో."

"ఇప్పుడు నీకెలా ఉందే?"

ఆవిడ నమలడం ఆపి, లోపలికి తొంగి చూసుకుంటున్నట్టు కాసేపు కళ్లు చిన్నవి చేసింది. "గుర్తుందయ్యా, అంతా గుర్తుంది. ఎవరో పక్కింటివాళ్ల పిల్ల కబురు విన్నట్టుంది. పాపం అనిపిత్తంది, అంతే. చిత్రంగా లేదూ?" అని మళ్లీ శెనక్కాయ వొలుచుకుంది.

సామర్లకోటలో దిగుతూ, నేను మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి కిందికి చెయ్యి చాచాను. అంత కిందికి చెయ్యి చాచాల్సిన మనిషెవరూ అక్కడ లేరు. వెనకాయన నన్ను తోసుకుని దిగిపోయాడు.

*

మంగకి గ్రాంటు వచ్చింది. ఆ కుర్చీలో ఏం జరిగిందో మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి ఇదెందుకు ఆడుతున్నావని అడిగినవాడు లేడు. పేరిశాస్త్రి గారు గోడ మీద చెయ్యి తిప్పుకున్నాక గుడ్డ మీద కూడా వేశాడు. చుట్టచుట్టి ఆటోలో వేసుకుని మా ఇంటికే తెచ్చాడు. ఆయన వేసిన తెర మీద నా పేరు పడింది, నా మీదున్న ఫైలు మీద ఆయన సంతకం పడింది. ఫైలు మూసేశారు. ఆయన మాత్రం ఖాళీగా లేడు, ఇప్పుడు సొంతంగా ఒక కోనేరు వేస్తున్నాడట. ఆ ఇల్లాలు నాకు ఫోన్ చేసి మరీ తిట్టింది.

మెహరున్నీసా గారు మండలిలో పని మానేసింది. అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "తాతారావు గారూ, బస్సు ఎలా ఉంది?" అని అడుగుతుంది. రాసుకుంటున్న చప్పుడు వినపడుతుంది. "రోజురోజుకీ పెరుగుతోందండి" అంటాను. అవతల చప్పుడు ఆగుతుంది. బస్సు పెరగడమేంటి అని ఆవిడ ఇంకా అడగలేదు. అడుగుతుంది. ఏదీ వదిలే మనిషి కాదు.

పెరుగుతోందన్నది నిజమే. మంగ వదిలిన చోట వాసంతికి పదేళ్లు. నా దగ్గరికి వచ్చాక పదకొండు పడ్డాయి. లెక్కలు రావు, నా పోలికే. బొమ్మలు మాత్రం బాగా వేస్తుంది. బడి మానేస్తానంటే మొదటిసారి చెయ్యి చేసుకోబోయాను. ఆ రోజంతా బెంగగా తిరిగాను. దర్బారు తెరకి స్తంభాలు వేస్తుంటే వెనక నిలబడి, ఇన్ని స్తంభాలుంటే రాజుగారు ఎటు నుంచి వస్తారు నాన్నా అని అడుగుతుంది. జవాబు వెతుక్కుంటూ బ్రష్షు ఎండబెట్టేస్తున్నాను. ఇన్నాళ్లూ లోకం మీద ఉన్న కోపానికి ఇప్పుడు తీరిక దొరకడం లేదు.

నాటకం రోజు మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉంది. మంగ స్టేజి మధ్యలో నిలబడి, లేని బస్సు కడ్డీ పట్టుకుని, శ్రుతి చూసుకుంటోంది. గొంతు పైకి వెళ్లి ఒక చోట గీరుకుని, మళ్లీ తెప్పరిల్లింది. ఆ గీరుడుని కూడా బస్సు కుదుపులో కలిపేసుకుంది. మనిషి మొహంలో వెలుగు చూస్తే ఈవిడ నా పెళ్లాం కాదేమో అనిపించింది. బిడ్డ చంకన లేకుండా మొదటిసారి ఊరికి బయలుదేరినదానిలా ఉంది.

నేను పక్కన గేటు తెరకి తాళ్లు కడుతున్నాను. కడుతున్నవాణ్ణి ఆగాను. పొద్దుట్నుంచీ ఒక ఇబ్బంది ఉంది నాకు. వాసంతి బడికి వెళ్లాలి, జుట్టు నడుం దాకా దిగింది. నాకు చేతకాదు.

"మంగా" అన్నాను. "జడ ఎలా అల్లాలే?"

ఆవిడ కడ్డీ వదిలింది. "జడా? ఎవరికి?"

"తాడుకి. మూడు పేటలు కలిపితే గట్టిగా ఉంటదని."

నాకేసి చూసింది. వచ్చి నా ముందు చతికిలబడి, తాళ్లు మూడూ నా చేతుల్లోంచి తీసుకుంది. వేళ్లు వాటంతట అవే కదిలాయి. "ఇదిగో, మధ్యదాన్ని పట్టుకో. కుడిదాన్ని దాని మీంచి తీసుకురా. ఇప్పుడు అదే మధ్యది. తర్వాత ఎడమది. అబ్బ, అలా గుంజకయ్యా! తల నొప్పెడతది."

అని, నాలిక కరుచుకుని, నవ్వేసింది.

"తాడే గదా. గట్టిగా లాక్కో" అని లేచి, చీర దులుపుకుని, మళ్లీ వెళ్లి బస్సు కడ్డీ పట్టుకుని పద్యం అందుకుంది.

నేను లాగలేదు. అల్లినదంతా విప్పి, కాస్త వదులుగా మళ్లీ మొదలుపెట్టాను.